మా ఓడ ప్రయాణం బీమా ఫారం మేమే నింపుకుంటాం

పోయిన నెల మా అబ్బాయి సియాటిల్ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, వచ్చే జూన్‌లో మీరిద్దరూ ఇక్కడికి రండి, అలాస్కా క్రూజ్‌కి తీసుకెళ్తా, ఏడు రాత్రులు, టికెట్లు, ఇన్సూరెన్స్ అన్నీ నేనే చూసుకుంటా, మీరేం టెన్షన్ పడొద్దు" అన్నాడు. టికెట్లు నువ్వే చూడు నాయనా, ఇన్సూరెన్స్ మాత్రం నేను చూసుకుంటానన్నాను. "ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని కదమా, నీకెందుకు ఆ తలనొప్పి" అన్నాడు. ఆ పది నిమిషాల పని ఒకసారి మా చేత ఎంత కట్టించిందో వాడికి సగమే తెలుసు. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే మా తిరుపతి బాలాజీ కాలనీలోనే మా ఈడు వాళ్లు నాలుగైదు ఇళ్లలో ఈ ఏడాది ఓడ ప్రయాణాలకు తయారవుతున్నారు. పొద్దున నడకలో కలిసినప్పుడు ఇన్సూరెన్స్ సంగతి అడిగితే, పిల్లలు చూశారనో, ట్రావెల్స్ వాళ్లు ప్యాకేజీలోనే ఇచ్చారనో అంటున్నారు తప్ప, అందులో ఏముందో చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. అరవై దాటినవాళ్లు ఓడెక్కే ముందు బీమా ఫారం తామే చదివి, తామే నింపాలి. కంప్యూటర్ రాకపోతే పిల్లల్నో మనవళ్లనో పక్కన కూర్చోబెట్టుకుని టైపు చేయించండి, జవాబులు మాత్రం మీ నోటి నుంచే రావాలి. ఆ ఫారం అడిగేది మన ఒంటి గురించి, మన మందుల గురించి. అది మనకంటే ఎవరికి బాగా తెలుసు?

2023 నవంబరులో మేం సింగపూర్ వెళ్లాం. ఇక్కడి నుంచి ఒక గుంపుగా ముప్ఫై మందిమి చెన్నైకి బస్సులో, అక్కడి నుంచి విమానం, ఆ తర్వాత సింగపూర్‌లో ఎక్కి మూడు రాత్రులు ఓడలో. అప్పటికి మా ఆయనకు 71, నాకు 66. బయల్దేరడానికి రెండు రోజుల ముందు ట్రావెల్స్ నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేసి, "టీచరమ్మా, సార్ ఫోన్‌కి ఒక నంబరు వచ్చింటుంది, కొంచెం చెప్పండి" అన్నాడు. ఆయన స్నానంలో ఉన్నారు. నేనే ఫోన్ తీసి ఆరు అంకెలు చదివి చెప్పాను. అంతే. మా బీమా ఫారం మీద మేం పెట్టిన సంతకం అదేనని నాకు అప్పుడు తెలియదు.

రెండో రాత్రి భోజనాలయ్యాక ఆయనకు గుండెలో బరువుగా ఉందన్నారు. గ్యాస్ అయ్యుంటుందిలే అని కాసేపు పడుకున్నారు. చూస్తుండగానే చొక్కా మొత్తం చెమటతో తడిసిపోయింది. ఫోన్ చేస్తే చక్రాల కుర్చీతో మనిషి వచ్చాడు. లిఫ్టులో కిందికి, ఇంకా కిందికి వెళ్లాం. ఓడలో ఆసుపత్రి బాగా కింది అంతస్తులో ఉంటుంది, అక్కడ ఊగడం తక్కువ. కానీ ఇంజను కంపనం అరికాళ్లకు తెలుస్తూనే ఉంది. సన్నటి మంచం, రెండు పక్కలా కడ్డీలు, గోడకు బిగించిన యంత్రాలు. డాక్టరమ్మ చిన్నపిల్ల, మర్యాదగా మాట్లాడింది. ఏ మందులు వాడుతున్నారు, ఎంత డోసు అని అడిగింది. షుగరుకు ఒకటి, బీపీకి ఒకటి అన్నాను. పేర్లు? తెల్లగా, గుండ్రంగా ఉండేది ఒకటి, లేత గులాబీ రంగుది ఇంకొకటి. అంతకంటే చెప్పలేకపోయాను. ప్రయాణానికి సులువుగా ఉంటుందని మాత్రలన్నీ స్ట్రిప్పుల్లోంచి గిల్లి, వారాల పేర్లున్న ప్లాస్టిక్ డబ్బాలో సర్దింది నేనే. ఆ డబ్బా తెచ్చి చూపిస్తే ఆమె ఒక్కో మాత్ర తీసి దీపం కింద తిప్పి, మీద చెక్కిన అక్షరాలు చదవడానికి ప్రయత్నించింది. ఆమె పెన్ను కాగితం మీద రాయకుండా అలా ఆగి ఉండటం నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది.

దేవుడి దయ, అది గుండెపోటు కాదు. ఈసీజీ రెండుసార్లు తీశారు, రక్త పరీక్షలు చేశారు, సెలైన్ ఎక్కించారు, ఆరేడు గంటలు కనిపెట్టుకుని ఉన్నారు. బీపీ, షుగరు రెండూ అదుపు తప్పాయన్నారు. తెల్లారేసరికి ఆయన కాఫీ అడిగారు. బిల్లు మన రూపాయల్లో లక్షా పద్దెనిమిది వేలు. అది నేరుగా మా గది ఖాతాలో పడింది. ఓడ దిగే ముందు కట్టేయాలి, ఇన్సూరెన్స్ కార్డు చూపిస్తే వాళ్లకు సంబంధం లేదు. ఇది ఆ ఒక్క ఓడ సంగతి కాదు, దాదాపు అన్ని ఓడల్లోనూ పద్ధతి ఇదే. ముందు మనం కట్టుకోవాలి, కాగితాలు తీసుకోవాలి, ఇంటికొచ్చి క్లెయిం పెట్టుకోవాలి. క్రెడిట్ కార్డులో అంత లిమిట్ లేకపోతే ఆ రాత్రి పరిస్థితి ఏంటో ఊహించుకోండి.

క్లెయిం పెట్టాం. అయిదు వారాలకు ఉత్తరం వచ్చింది, డబ్బు ఇవ్వలేమని. ప్రపోజల్ ఫారంలో షుగరు, బీపీ ఉన్నాయా అన్న చోట 'లేదు' అని ఉందట, ఆసుపత్రి కాగితాల్లో 14 ఏళ్లుగా మందులు వాడుతున్నట్టు ఉందట. నేను పరుగున పోయి పాలసీ ప్రింటు తీయించాను. నిజమే. 'లేదు', 'లేదు', 'లేదు' అని వరుసగా ఉంది. ప్రయాణానికి ముందే ఆ కాగితం మా మెయిల్‌కి వచ్చి పడి ఉంది, మేమే తెరిచి చూడలేదు. ట్రావెల్స్‌కి వెళ్లి ఆ అబ్బాయిని నిలదీశాను. "ఉందని పెడితే సిస్టం ముందుకు పోదు టీచరమ్మా, మెడికల్ రిపోర్టులు అడుగుతుంది, టైం సరిపోదు, అందరికీ అట్లే పెడతాం" అన్నాడు. నాకు కోపం రాలేదంటే అబద్ధం. అందరికీ అట్లే పెడతారట! ఆ ముప్ఫై మందిలో షుగరు లేనివాళ్లు పది మంది ఉంటారేమో. మిగతా వాళ్లందరూ చేతిలో పాలసీ ఉందనుకుని సముద్రం మీదికి వెళ్లారు.

కంపెనీ మన క్లెయిం కాదన్నప్పుడు వెళ్లడానికి చోటు ఉంది. ఆ సంగతి మనలో చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నాను. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెల లోపల జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి, అంటే ఇలాంటి తగాదాలు తేల్చే అధికారి దగ్గరికి వెళ్లొచ్చు. మన ఆంధ్రప్రదేశ్‌కి ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. కంపెనీ కాదన్న తేదీ నుంచి ఏడాది లోపల వెళ్లాలి. లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు, 50 లక్షల రూపాయల వరకు వాళ్లు తీర్పు ఇవ్వగలరు. మేం మాత్రం వెళ్లలేదు. ఆ కాగితం మీద అబద్ధం ఉంది, దానికి ఒప్పుకుంటూ ఆరు అంకెలు చెప్పింది నేను. ఆ అబ్బాయి చేసింది తప్పే. కానీ ముప్ఫై మూడేళ్లు చంద్రగిరి హైస్కూల్లో లెక్కలు చెప్పి, లెక్క సరిచూడకుండా పేపరు ఇవ్వొద్దని పిల్లలకు చెప్పినదాన్ని, నా పేపరు నేను చూసుకోలేదు.

ఇక్కడ కంపెనీల మీద కూడా నాకో మాట ఉంది, అది గట్టిగానే చెబుతాను. మా ఆయన ప్రతి ఏడాదీ అలిపిరి మెట్లెక్కి కొండకు నడిచి వెళ్తారు. 3,550 మెట్లు. గాలిగోపురం దగ్గర కూర్చుని మజ్జిగ తాగి మళ్లీ లేస్తారు. ఇప్పుడు ఆయనకు 73. పాలసీలు వెతకడం మొదలుపెడితే వయసు గడిలో ఆ అంకె వేయగానే సగం ప్లాన్లు కనబడకుండా పోతాయి. మిగిలినవాటిలో ప్రీమియం రెట్టింపు దాటుతుంది, కవరేమో తగ్గుతుంది. కొన్నింటిలో అరవై దాటిన వాళ్లకు రోజు గది అద్దె ఇంత, ఐసీయూ ఇంత, ఆపరేషన్ ఇంత అని లోపల చిన్న చిన్న పరిమితులు ఉంటాయి. పైన అట్టమీద మాత్రం పెద్ద అంకె ఉంటుంది. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆరోగ్య బీమా కొనడానికి ఉన్న 65 ఏళ్ల గీతను తీసేసింది. మంచి పని చేసింది. విదేశీ ప్రయాణాల పాలసీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం 60 దగ్గరొక మెట్టు, 70 దగ్గరొక మెట్టు, 80 దగ్గరొక మెట్టు ఇప్పటికీ ఎదురవుతున్నాయి. పెద్దవాళ్లకు జబ్బులు ఎక్కువ చేస్తాయి, క్లెయింలు ఎక్కువ వస్తాయి, కాబట్టి ఎక్కువ కట్టమంటే నేను కాదనను, లెక్క అర్థమవుతుంది. నాకు కష్టం అనిపించేది వేరే. నిజం చెప్పినవాడికి ఫారం దగ్గరే ఆగిపోయే పరిస్థితి పెట్టి, అబద్ధం చెప్పినవాడికి రెండు నిమిషాల్లో పాలసీ చేతిలో పెట్టి, తీరా జబ్బు చేశాక ఆ అబద్ధం చూపించి డబ్బు ఎగ్గొట్టడం న్యాయమేనా? పరీక్షలు ముందే చేయించండి, ట్రెడ్‌మిల్ ఎక్కించండి, రిపోర్టు చూసి ధర చెప్పండి. దానికి మేం సిద్ధం.

మా అబ్బాయితో వాదన ఇంకో రెండు రోజులు నడిచింది. వాడి మాట ఏంటంటే, అమెరికా వచ్చాక ఇక్కడి విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకుందాం, ఓడ కూడా అందులోకే వస్తుంది కదా అని. అంత తేలిక కాదు. మనవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఈ ఒక్క చోటే అనిపిస్తుంది నాకు. ఆ పాలసీల్లో ముందునుంచీ ఉన్న జబ్బులకు కవర్ లేదంటారు, కానీ 'అక్యూట్ ఆన్‌సెట్' అని ఒక మాట పెడతారు. అంటే పాత జబ్బే అయినా హఠాత్తుగా, ముందు ఏ సూచనా లేకుండా ముదిరి, సాధారణంగా 24 గంటల లోపల వైద్యం చేయించుకుంటే ఇస్తామని. ఆ కవర్ చాలా ప్లాన్లలో వయసు పెరిగేకొద్దీ తగ్గిపోతుంది, కొన్నింటిలో 70 దగ్గరే. మా ఆయనకు 73 అని వాడికి తెలుసు, కానీ ఆ అంకెను ఆ పేజీ పక్కన పెట్టి చూడాలని వాడికి తోచలేదు. మన దేశపు పాలసీల్లో అయితే పాత జబ్బుకు ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రమే ఇస్తామని, అదీ ఒక పరిమితి దాకానేనని ఉంటుంది. ఇంకొకటి, మన దేశపు పాలసీ మామూలుగా ఇక్కడ బయల్దేరకముందే తీసుకోవాలి. అక్కడికి వెళ్లాక గుర్తొస్తే లాభం లేదు.

ఓడ ఎక్కడెక్కడ ఆగుతుందన్నది కూడా మనమే చూసుకోవాలి. సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లే పెద్ద ఓడలు దాదాపు అన్నీ విదేశాల జెండా మీద నడిచేవి, అంటే వేరే దేశాల్లో నమోదైనవి. అలాంటి ఓడ ఒక అమెరికా రేవులో మనుషుల్ని ఎక్కించుకుని తిరిగి అమెరికాలోనే దించాలంటే మధ్యలో వేరే దేశపు రేవులో ఆగాలని అక్కడ 1886 నాటి చట్టం ఒకటి ఉంది. అందుకే అవి ఎక్కువగా కెనడాలోని విక్టోరియాలో కొన్ని గంటలు ఆగుతాయి. అంటే మన బీమాలో కెనడా కూడా ఉండాలి, వీసా సంగతి కూడా చూసుకోవాలి. 'అమెరికా, కెనడా మినహా' అని రాసి ఉన్న చవక ప్లాను దీనికి పనికిరాదు. గ్రీన్ కార్డు మీద ఉంటూ మెడికేర్ (అమెరికా ప్రభుత్వం పెద్దవాళ్లకు ఇచ్చే ఆరోగ్య బీమా) ఉన్న మన పెద్దవాళ్లు కూడా ధీమాగా ఉండకూడదు. ఓడ అమెరికా రేవులో ఉంటేనో, రేవుకు ఆరు గంటల ప్రయాణం లోపల ఉంటేనో తప్ప ఓడలో వైద్యానికి మెడికేర్ ఇవ్వదు.

నన్ను భయపెట్టింది మాత్రం మ్యాపు. మా ఇంట్లో ఎవరికైనా గుండెల్లో నొప్పి వస్తే 108కి ఫోన్ చేస్తాం, స్విమ్స్ పక్కనే, ఆటోలో అయినా చేరిపోతాం. అలాస్కా రాజధాని జూనో. అక్కడికి మిగతా రాష్ట్రం నుంచి రోడ్డు లేదు, ఓడలోనో విమానంలోనో పోవాల్సిందే. ఒక రాష్ట్రానికి రాజధానికి రోడ్డు లేకపోవడం ఏంటని మా ఆయన రెండుసార్లు మ్యాపు తిప్పి తిప్పి చూశారు. అక్కడ ఆసుపత్రి ఉంది, కానీ పెద్ద గుండె ఆపరేషన్ లాంటిది అవసరమైతే ఎయిర్ అంబులెన్సులో సియాటిల్‌కో యాంకరేజ్‌కో తీసుకెళ్లాలి. ఓడలు ఆగే కెచికాన్ కూడా ద్వీపం మీద ఊరే. ఓడలో డాక్టరు ఉంటారు, ఈసీజీ, ఎక్స్‌రే, ఆక్సిజన్ ఉంటాయి, మనిషిని నిలబెట్టే వరకు చేస్తారు. ఆ తర్వాత దించాల్సిందే. సముద్రం మీద ప్రాణాపాయమైతే కోస్ట్ గార్డ్ హెలికాప్టర్ వస్తుంది, వాళ్లు ఆ రక్షణకు డబ్బు అడగరు. ఒడ్డు మీదికి చేర్చిన తర్వాత ఎక్కించే ఎయిర్ అంబులెన్సు ప్రైవేటుది, దానికి పదుల వేల డాలర్లు అవుతుంది. అందుకే ఇప్పుడు పాలసీ కాగితంలో ఆసుపత్రి ఖర్చు అంకె కంటే ముందు 'మెడికల్ ఎవాక్యుయేషన్' (రోగిని తరలించే ఖర్చు) పక్కన ఉన్న అంకె చూస్తున్నాను. కొన్ని పాలసీల్లో అది మొత్తం కవర్‌లోనే కలిపి ఉంటుంది, అంటే విమానానికి పోయింది పోగా మిగిలిందే వైద్యానికి. వేరుగా ఉంటే మేలు.

ఇంకో సంగతి. ఇది ఇంట్లో ఎవరూ ఎత్తనివ్వరు. నేను ఎత్తితే మా ఆయనే "ఆ మాటలెందుకు పొద్దున్నే" అన్నారు. పార్థివ దేహాన్ని ఇంటికి చేర్చే కవర్. పెద్ద ఓడల్లో శవాన్ని భద్రపరచడానికి చోటు ఉంటుంది, అంటే ఓడ వాళ్లు ఆ ఏర్పాటుతోనే బయల్దేరుతారు. మనం మాత్రం ఆ వాక్యం చదవకుండా పేజీ తిప్పేస్తాం. పరాయి దేశపు రేవులో పిల్లలు ఏడుస్తూ కాగితాల కోసం తిరగకూడదంటే మనం ఇప్పుడే చదవాలి. నేను చదివాను. ఒక పాలసీలో దానికి ఉన్న మొత్తం చాలా తక్కువ. ఆ పాలసీని అక్కడే పక్కన పెట్టేశాను.

2020 ఫిబ్రవరిలో యోకొహామాలో డైమండ్ ప్రిన్సెస్ ఓడలో 3,711 మంది చిక్కుకుపోయిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. రోజుల తరబడి గదుల్లోంచి బయటికి రానివ్వలేదు. ఓడ ఆలస్యంగా రేవు చేరితే పాలసీ గడువు దానంతట అదే పెరుగుతుందా అన్నది కూడా అడగాలని అప్పుడే నేర్చుకుని ఉండాల్సింది.

ఇప్పుడు మా డైనింగ్ టేబుల్ మీద ఒక పొడుగు నోట్‌బుక్ ఉంది. మాత్రల స్ట్రిప్పులన్నీ పరిచి, ఒక్కోదాని అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, పొద్దునా రాత్రా, ఎప్పటి నుంచి అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాశాను. మెట్‌ఫార్మిన్ 500, టెల్మిసార్టన్ 40, అటోర్వాస్టాటిన్ 10. రాస్తుంటే తెలిసింది, ఆయన ఏడాది కిందట డాక్టరు చెప్పకుండానే ఒక మాత్ర మానేశారని. కడుపులో మంటగా ఉంటోందని మానేశారట, నాకు చెప్పలేదు. నేనేమో నా మోకాలి నొప్పికి వాడే మాత్ర సంగతి అబ్బాయికి చెప్పలేదు. మేం ఒకరికొకరం, పిల్లలకు దాచుకున్నవి ఇన్ని ఉంటే, ఎక్కడో కూర్చున్న కొడుకు పది నిమిషాల్లో నింపే ఫారంలో నిజం ఎలా ఉంటుంది? వాడు మంచివాడే, శ్రద్ధగానే నింపుతాడు. వాడికి తెలిసింది నింపుతాడు. మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్లి, ఆ మాత్ర మార్పించుకుని, ఆయన ఆరోగ్యం ఎలా ఉందో లెటర్‌హెడ్ మీద రాయించుకుని వచ్చాం. ఈసారి ప్లాస్టిక్ డబ్బాతో పాటు స్ట్రిప్పులు కూడా బ్యాగులోనే వస్తాయి.

రెండు పాలసీలు మిగిలాయి. రెండింటిలోనూ షుగరు, బీపీ ఉన్నాయని మేమే రాస్తాం. రెండు కంపెనీలకూ ఫోన్ చేస్తే కాల్ సెంటర్లో అన్నింటికీ "కవర్ అవుతుంది మేడం" అన్నారు. ఆ మాట కాగితం మీద ఉంటే తప్ప చెల్లదు కాబట్టి నాలుగు ప్రశ్నలు మెయిల్‌లో పెట్టాను. ఓడలో ఉన్న క్లినిక్‌ని మీరు ఆసుపత్రిగా లెక్కిస్తారా, బిల్లు ఇస్తారా? పాత జబ్బులు రాశాక గుండెపోటు వస్తే ఎన్ని డాలర్ల దాకా ఇస్తారు? ఓడ మీంచి, ఆ తర్వాత జూనో నుంచి తరలించాల్సి వస్తే దానికి వేరే మొత్తం ఉందా, తరలించాలా వద్దా అన్నది ఓడ డాక్టరు చెబితే సరిపోతుందా, మీ మనిషి ఒప్పుకోవాలా? ఆయన్ని విమానంలో సియాటిల్‌కు తీసుకెళ్తే పక్కన నన్ను రానిస్తారా, నా టికెట్, నేను ఉండటానికి గది ఎవరు చూస్తారు?

ఒక కంపెనీ మొదటి మూడింటికి పాలసీ పేజీ నంబర్లతో సహా జవాబు ఇచ్చింది. రెండో కంపెనీ ఒక బ్రోచర్ పంపింది. నాలుగో ప్రశ్నకు ఎవరూ ఇంకా జవాబు ఇవ్వలేదు. నిన్న మళ్లీ రాశాను. అది వచ్చేదాకా ఓడ డబ్బు కట్టొద్దని మా అబ్బాయికి చెప్పాను, సరేమా అన్నాడు.